బొటనవేలి తడి

శామీర్‌పేట,
10 ఆగస్టు 2009

డిపో మేనేజరు గారికి,

అయ్యా,

నా పేరు జానకీదేవి. చెరువుకు ఇవతల కాలనీలో ఉంటాను. సికింద్రాబాదులో ఒక ఆడపిల్లల బడిలో లైబ్రేరియన్‌ని. పదకొండేళ్ళుగా మీ బస్సే నాకు దిక్కు. ఇన్నేళ్ళలో మీకు ఒక్క ముక్క రాయలేదు, బస్సు రాని రోజున కూడా. ఈ రోజు మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను.

పేపరు తెరిస్తే స్వైన్ ఫ్లూ. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా బయటికి వచ్చే మనిషి లేడు. నేనూ కట్టుకునే పొద్దున ఏడూ నలభై బస్సెక్కాను. ఒక చేతిలో సంచీ, ఇంకో చేత్తో పైన రాడ్డు. కండక్టరమ్మ టికెట్ ఇస్తే పెట్టుకునే చోటు లేక, గుడ్డ కిందికి లాగి పెదాల మధ్య పెట్టుకున్నాను. నిలబడి వెళ్ళే వాళ్ళందరూ చేసే పనే. అప్పుడు చూశాను. ఆవిడ బొటనవేలు నాలుకకు రాసుకుని తర్వాతి టికెట్ చింపింది. మళ్ళీ నాలుక, మళ్ళీ టికెట్. తూముకుంట నుంచి అల్వాల్ దాకా ముప్ఫై ఏడు సార్లు. అంటే నా నోట్లో ఉన్నది ఆవిడ ఎంగిలి.

మా అమ్మాయి సుప్రజ పురిటికని నా దగ్గరికి వచ్చింది. ఏడో నెల. గర్భిణులకు ఈ జబ్బు సోకితే మహా ప్రమాదమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నేను బస్సు దిగి ఇంటికి ఏం మోసుకు వెళ్తున్నానో నాకే తెలియకపోతే ఎలా? సీట్ల కింద వక్క ఉమ్ములు, కిటికీల వెంబడి కారిన చారలు, వాటి సంగతి సరేసరి.

కండక్టరు పేరు బ్యాడ్జీ మీద చదివాను. దుర్గాబాయి. తగు చర్య తీసుకోగలరు.

ఇట్లు,
జానకీదేవి


మేడ్చల్,
22 ఆగస్టు 2009

గౌరవనీయులైన జానకీదేవి మేడమ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరంలో ఉన్న దుర్గాబాయిని నేనే. డిపోలో నన్ను నిలబెట్టి మీ ఉత్తరం చదివి వినిపించారు. కవరు మీద మీ అడ్రసు కనిపిస్తే అరచేతి మీద రాసుకున్నాను. ఫోన్ నంబరు లేదు కనుక ఉత్తరమే రాస్తున్నాను. ఇలా రాయడం తప్పయితే చించేయండి.

మీరు రాసింది నిజం. ముప్ఫై ఏడు సార్లని నేను లెక్కపెట్టలేదు గానీ, ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సిద్దిరాములు అనే పెద్ద కండక్టర్ దగ్గర పని నేర్చుకున్నాను. టికెట్ కాగితం ఉల్లిపొర అంత పలచన. పొడి చేత్తో లాగితే రెండేసి వస్తాయి. ఆయన మొదటి రోజే చెప్పాడు: "వేలు తడి జేస్కో బిడ్డా, లేకుంటే పరేషాన్ అయితవ్." చేసుకున్నాను. ఐదేళ్ళయింది. ఇప్పుడు ఆ వేలు నా మాట వినదు. ఇంట్లో రేషన్ కార్డు తిప్పినా నోట్లోకే పోతుంది.

మీ అమ్మాయి సంగతి విన్నాక నాకు సిగ్గేసింది. నాకూ కూతురుంది, శృతి, పదో తరగతి. నా ఎంగిలి వల్ల ఒక కడుపుతో ఉన్న పిల్లకు ఏమైనా అయితే నేను బతకలేను. ఇది పై వాళ్ళు రాయమంటే రాస్తున్నది కాదు.

ఒక్క మాట మాత్రం అడగాలని ఉంది. ఏడాదిగా రోజూ నా బస్సే ఎక్కుతున్నారు. మీ సీటు నాకు తెలుసు, మీరు చిల్లర ముందే తీసి పెట్టుకుంటారని తెలుసు. ఆ మాటేదో నా మొహం మీదే అంటే సరిపోయేది కదా మేడమ్?

ఇట్లు,
దుర్గాబాయి


శామీర్‌పేట,
30 ఆగస్టు 2009

దుర్గాబాయి గారికి,

మొహం మీద ఎందుకు అనలేదని అడిగారు. నోట్లో టికెట్ ఉంది కనుక.

ఇది హాస్యం కాదు, అలాగని కోపమూ కాదు. మీ ఉత్తరం మా వారికి చదివి వినిపించాను. గోపాలరావు గారు జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తారు, చేతులు కడుక్కోవడం గురించి పురాణం చెప్పగలరు. అంతా విని, "ఆవిడ ఒప్పుకుంది. నువ్వైతే ఒప్పుకునేదానివా?" అన్నారు. ఆ పూట ఆయనకు కాఫీ ఆలస్యంగా ఇచ్చాను.

నేను రాసిన దాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. కానీ వద్దని చెప్పి ఊరుకుంటే వేలు మానదని నాకూ తెలుసు. అందుకని ఒకటి పంపాను. పాత కుంకుమ భరిణె. కుంకుమ దులిపి, వేడినీళ్ళలో ఉడికించి, లోపల స్పాంజి ముక్క కత్తిరించి పెట్టాను. పోస్టాఫీసులో స్టాంపులు తడపడానికి ఇలాంటిదే ఉంటుంది. నీళ్ళు పోసి నడుముకు కట్టుకోండి. వేలు దాంట్లో ముంచండి.

వారం పైగా మీరు బస్సులో కనిపించడం లేదు. సెలవులో ఉన్నారేమోనని డ్రైవరు మొగులయ్య గారి చేతికి ఇచ్చాను. ఆయన ఏదో అనబోయి, గేరు మార్చి ఊరుకున్నారు.

జానకీదేవి


మేడ్చల్,
9 సెప్టెంబరు 2009

జానకీదేవి మేడమ్ గారికి నమస్కారం.

భరిణె అందింది. అంత మంచి వెండి రంగు భరిణె పనిముట్టు చేశారు, మనసుకు ఏదోలా అయింది.

నాకు రూటు మారింది, అందుకే మీకు కనిపించడం లేదు. పాత టికెట్ల కట్ట ఒకటి తీసుకుని భరిణెతో ప్రయత్నించాను. కదలకుండా నిలబడి ఉంటే బాగానే ఉంది. బస్సు కుదుపు తెలియాలని శృతి నన్ను మంచం మీద నిలబెట్టి మంచాన్ని ఊపింది. నీళ్ళన్నీ కట్ట మీద పడ్డాయి. టికెట్లు నానిన అటుకుల్లా ముద్దయ్యాయి. మా పిల్ల నవ్వీ నవ్వీ, "అమ్మా, ప్యాసెంజర్లకు చెంచా గూడ ఇయ్యాలె" అంది. ఏమనుకోకండి. భరిణె మాత్రం తిరిగి ఇవ్వను, దాచుకున్నాను.

మీరు రాసిన వక్క ఉమ్ముల గురించి. ఫినాయిలు ఒక్కటే పోస్తే వాసన పోతుంది గానీ మరక పోదు. ముందు సబ్బు నీళ్ళు పోసి పావుగంట నాననివ్వాలి, ఆ తర్వాత కొబ్బరి పీచుతో రుద్దాలి. సీటు వెనక, మోకాళ్ళు తగిలే చోట కూడా ఉమ్ముతారు, అక్కడ ఎవరూ చూడరు. ఇంకో సంగతి. బస్సు బయట కడుగుతారు, లోపల ఊడుస్తారు. కానీ పైన రాడ్డును ఎవరూ ఎప్పుడూ తుడవలేదు. తెల్లగుడ్డతో ఒకసారి తుడిస్తే గుడ్డ పొయ్యి మసిలా వచ్చింది. ఎన్ని చేతులో చూడండి మేడమ్. మీరు టికెట్ పళ్ళ మధ్య పెట్టుకుని పట్టుకునేది దాన్నే.

అమ్మాయిని బస్సెక్కనివ్వకండి.

దుర్గాబాయి


శామీర్‌పేట,
20 సెప్టెంబరు 2009

దుర్గాబాయీ,

గారు లేదు, మేడమ్ లేదు. కోపంగా ఉంది.

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే అనుమానం వచ్చింది. కండక్టరుకు ఉమ్ము మరక ఎంతసేపు నానాలో ఎందుకు తెలుస్తుంది? మర్నాడు బస్సు దిగి, ముందుకు వెళ్ళి, మొగులయ్య గారి కిటికీ దగ్గర నిలబడ్డాను. దుర్గాబాయి ఏ రూటులో తిరుగుతోందని అడిగాను.

"ఏ రూటమ్మా? గామె బస్సెక్కుతలేదు. బస్సులు కడుగుతాంది" అన్నాడాయన.

"ఎప్పటి నుంచి?"

"మీరు రాసిన కాయితం వచ్చిన కాడికెల్లి. ఆమెది ఇంక కాంట్రాక్టే గదా. పర్మనెంటు లిస్టుల పేరుండె, ఆపిండ్రు. వచ్చే నెల ఇరవై మూడు నాడు పిలుస్తరట. తప్పని తేలితే కాంట్రాక్టు గూడ ఉండది." అంతా చెప్పి, మళ్ళీ ఆయనే, "మీకు చెప్పొద్దన్నదమ్మా. నేను జెప్పినట్టు ఆమెకు ఎర్కజెయ్యకుండ్రి" అన్నాడు. క్షమించు, ఎరుక చేస్తున్నాను.

రూటు మారిందని నాకు అబద్ధం ఎందుకు రాశావు? నేను పంపిన భరిణెతో ఆడుకున్నట్టు, నవ్వుకున్నట్టు రాసి, ఆ చేత్తోనే ఊళ్ళో వాళ్ళ ఉమ్ములు కడుగుతున్నావా? తగు చర్య అని రాసినప్పుడు, నిన్ను మందలిస్తారనుకున్నాను. ఇంతవరకు వస్తుందని నాకు తట్టలేదు. తట్టకపోవడం నా తప్పే. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. నేను పొరబడ్డానని, కళ్ళజోడు పెట్టుకోలేదని, ఆ రోజు చూసింది నిన్ను కాదని డిపోకు రాసి ఇస్తాను. వెంటనే సరే అని రాయి.

జానకీదేవి


మేడ్చల్,
28 సెప్టెంబరు 2009

జానకక్కా,

మీరు గారు తీసేశారు కనుక నేనూ మేడమ్ తీసేశాను.

అలా రాయకండి. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు, నాకు గుర్తుంది. చూసింది నన్నే, నేను చేసిందీ నిజమే. అది అబద్ధమని మీరు రాసిస్తే రేపు పర్మనెంటు కాగితం నా చేతికొచ్చినా, దాన్ని చూసినప్పుడల్లా నాకు మీ అబద్ధమే కనబడుతుంది. నాకు ఉద్యోగం కావాలక్కా. శృతి ఇంటర్‌లో చేరాలి, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. రోజూ ఆ ఇరవై మూడో తారీఖే కళ్ళ ముందు ఉంటుంది. అయినా ఇలా మాత్రం వద్దు.

రూటు మారిందని రాసింది మిమ్మల్ని మోసం చెయ్యడానికి కాదు. మీరు జాలిపడతారని. తిట్టేవాళ్ళ మధ్య ఉండగలను గానీ జాలిపడేవాళ్ళ ముందు నిలబడలేను.

కడగడం గురించి బాధపడకండి. మొదటి వారం ఏడ్చాను. తర్వాత చూస్తే, ఐదేళ్ళు తిరిగిన బస్సు నాకు ఇప్పుడే తెలిసింది. రాడ్లు సబ్బు నీళ్ళతో తుడవడం నేనే మొదలుపెట్టాను, ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పొద్దున్నే నాతో పాటు బస్సులు కడిగే బాలనర్సమ్మ కూడా తుడుస్తోంది. తన చేతిలో గుడ్డ చూసుకుని, "ఇగో, నీ అసుంటి పిచ్చిది ఇంకొకతి దొరికింది" అని నవ్వింది. మీ ఏడూ నలభై బస్సు రాడ్డు పట్టుకుని చూడండి. జిడ్డు ఉండదు.

ఇంకో మంచి మాట. శృతి సైకిలు పంక్చరైతే దుకాణానికి వెళ్ళాను. పాత ట్యూబు కత్తిరించిన ముక్కలు నేల మీద పడి ఉన్నాయి. ఒకటి తీసి బొటనవేలికి ఉంగరంలా తొడుక్కుని చూశాను. సంచీలో ఉన్న ఇంకో పాత కట్ట తీసి టికెట్ లాగాను. ఒక్కటే వచ్చింది. మళ్ళీ లాగాను. ఒక్కటే! నీళ్ళు లేవు, ఎంగిలి లేదు. దుకాణం ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. రోజూ రెండు వందల సార్లు లాగి వేలికి నేర్పిస్తున్నాను. ఇంకా అప్పుడప్పుడు నోటి దాకా వెళ్తుంది. రబ్బరు వాసన తగిలి ఆగిపోతుంది.

దుర్గ


శామీర్‌పేట,
12 అక్టోబరు 2009

దుర్గా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు నాకు చెప్పని సంగతి ఒకటుంది, అది బయటపడింది. నేను నీకు చెప్పనిది కూడా ఒకటుంది.

సెప్టెంబరు మొదటి వారంలో మా బడిలో స్వైన్ ఫ్లూ గురించి పిల్లలకు చెప్పమంటే నేనే చెప్పాను. చేతులు కడగండి, ముక్కు తాకకండి, నోట్లో వేలు పెట్టకండి. ఉదాహరణకు ఎవర్ని చెప్పానో ఊహించుకో. పేరు చెప్పలేదులే, బస్సు కండక్టరు అన్నాను. పిల్లలంతా ఛీ అన్నారు. అది అయ్యాక పుస్తకాలు ఇవ్వడానికి రిజిస్టరు తీశాను. ఎనిమిదో తరగతి లిఖిత ముందు నిలబడి ఉంది. నేను పేజీ తిప్పబోయాను. ఆ పిల్ల చాలా నెమ్మదిగా, "మేడమ్, మీ వేలు" అంది.

నా బొటనవేలు నా నాలుక మీద ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళుగా రిజిస్టర్లు, పుస్తకాలు, అన్నీ అలాగే తిప్పాను దుర్గా. ఆ లైబ్రరీలో నా ఎంగిలి తగలని పుస్తకం లేదు. ఇంటికి వెళ్ళి సుప్రజ ఆసుపత్రి కాగితాలు తిప్పిందీ ఆ వేలితోనే. లిఖితకు ఏదో సర్ది చెప్పి పంపేశాను. మా వారికి కూడా చెప్పలేదు. ఆ తర్వాతే, ఇరవయ్యో తారీఖున, అబద్ధం రాశావని నీ మీద మండిపడ్డాను. కళ్ళజోడు పెట్టుకోలేదని రాస్తానన్నది కూడా నీ మీద ప్రేమ ఒక్కటే కాదు. ఒక అబద్ధంతో రెండు వేళ్ళూ దాచేద్దామనుకున్నాను. నువ్వు వద్దన్నావు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను చాలా ఏడ్చాను, సుప్రజ భయపడింది.

నిన్న ఆదివారం హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ, "రేపు ప్రార్థన దగ్గర పిల్లలకు కూడా మీరే చెప్పండి" అన్నారు. చెప్పాను. వెనక వరసలో ఎవరో ఛీ అన్నారు, ముందు వరసలో లిఖిత చప్పట్లు కొట్టింది. రెండూ నాకే.

డిపోకు ఇవాళ పంపిన ఉత్తరం నకలు కింద రాస్తున్నాను. ఇందులో అబద్ధం లేదు, నువ్వు వద్దనడానికి వీల్లేదు.

"అయ్యా, ఆగస్టు పదిన నేను చేసిన ఫిర్యాదు నిజం. దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. అందులో రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. అదే తప్పు నేను ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను, నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆమె తన తప్పు మొదటి ఉత్తరంలోనే ఒప్పుకుంది. నాకు నెలకు పైగా పట్టింది. వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కుని ఎంగిలి లేకుండా టికెట్ చింపే పద్ధతి ఆమె కనిపెట్టింది. మీ బస్సుల్లో రాడ్లు తుడిచే అలవాటు కూడా ఆమెదే. తగు చర్య అని ఆనాడు రాశాను. ఆ మాటే మళ్ళీ రాస్తున్నాను. తగిన చర్య ఆమెను మళ్ళీ బస్సెక్కించడమే."

సుప్రజకు ఈ వారమో పై వారమో. కాళ్ళు వాచాయి గానీ ధైర్యంగా ఉంది. నువ్వు కూడా అలాగే ఉండు.

అక్క


మేడ్చల్,
25 అక్టోబరు 2009

జానకక్కా,

ఇరవై మూడు అయిపోయింది. అన్నీ వరసగా చెబుతాను, ముందే చివరికి వెళ్ళకండి.

పొద్దున పదకొండుకు పిలిచారు. పెద్ద బల్ల, అవతల సిటీ నుంచి వచ్చిన ఆఫీసరు, ముక్కుకు తెల్ల మాస్కు. నేను, మొగులయ్యన్న, ఇంకో ఇద్దరు నిలబడ్డాం. ముందు మీ మొదటి ఉత్తరం చదివాడు. ఎంగిలి అన్న చోట నా వైపు చూశాడు. తప్పు జరిగిందా అని అడిగాడు. జరిగింది సార్ అన్నాను.

తర్వాత మీ రెండో ఉత్తరం తీశాడు. మాస్కు అడ్డంగా ఉందని గడ్డం కిందికి లాక్కుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. వెనక్కి తీసుకోవడం లేదు అన్న చోట మళ్ళీ నా వైపు చూశాడు. అదే తప్పు నేను ఇరవై ఆరేళ్ళుగా, అని చదివాడు. అక్కడికి కాగితం అయిపోయింది. మిగతాది రెండో కాగితంలో ఉంది.

అక్కా, ఆయన బొటనవేలు నాలుక మీద రాసుకుని కాగితం తిప్పాడు.

అందరం చూశాం. మేం చూశామని ఆయనా చూశాడు. వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. మొగులయ్యన్న పైన తిరిగే ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెట్టాడు, నవ్వు ఆపుకోవడానికి. నేను నవ్వలేదు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఆ వేలు కూడా ఆయన మాట వినదని నాకు తెలుసు.

ఆయన రుమాలు తీసి వేలు తుడుచుకున్నాడు. మిగతాది మెల్లగా, పొడి చేత్తోనే, మూలలు పట్టుకుని తిప్పుకుంటూ చదివాడు. చాలాసేపు పట్టింది. అంతా అయ్యాక, "ఏదమ్మా, ఆ ట్యూబు ముక్క?" అన్నాడు. చూపించాను. టికెట్ల కట్ట తెప్పించి చింపమన్నాడు. చింపాను. ఇరవై టికెట్లు, ఒక్కొక్కటే వచ్చాయి. చెయ్యి ఒక్కసారి కూడా నోటి దాకా వెళ్ళలేదు. అప్పుడు ఆయన నా వైపు చూడకుండా, ఫైలు వైపే చూస్తూ, "ఇంకోటి ఉందా?" అని అడిగాడు.

మీరిచ్చిన భరిణెలో తీసుకెళ్ళాను అక్కా, ఆరు ముక్కలు. స్పాంజి తీసేసి అందులోనే పెట్టుకుంటున్నాను. మూత తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన సైజు చూసుకుని ఒకటి తీసుకున్నాడు. వేలికి పెట్టుకుంటే కొంచెం బిగుతైంది. ఇంకోటి తీసుకున్నాడు.

హెచ్చరిక రాశారు నాకు, అది ఉంటుంది. ఉండాలి కూడా. కాంట్రాక్టు పోదు. పేరు మళ్ళీ లిస్టులోకి వెళ్ళింది, ఎప్పుడో తెలియదు గానీ పై లిస్టులో వస్తుందన్నారు. రోజూ బస్సు బయలుదేరే ముందు రాడ్లు తుడవాలని గోడ మీద కాగితం అంటించారు. బాలనర్సమ్మ దాన్ని చూసి, "మనం జేస్తున్నదే మనకు జెప్తున్నరు" అని ఒకటే గోల. అందరు కండక్టర్లకూ ట్యూబు ముక్కలు కావాలట. పంక్చరు దుకాణం ఆయన ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. సిద్దిరాములు పెదనాయిన రిటైరై ఇంట్లో ఉన్నాడు. ఒకటి తీసుకెళ్ళి ఇస్తే తిప్పి తిప్పి చూసి, "గీ తెలివి నాకు అప్పుడెందుకు రాలేదు బిడ్డా" అన్నాడు.

సుప్రజమ్మకు ఆడపిల్ల పుట్టిందని మొగులయ్యన్న నిన్న చెప్పాడు. తల్లీ పిల్లా బాగున్నారని విన్నప్పుడు డిపోలో కుళాయి దగ్గరే కూర్చుండిపోయాను. ఆగస్టు నుంచి నా గుండె మీద ఉన్న బరువు అదే అక్కా. ఇరవై మూడో తారీఖు రెండోది. పిల్లను చూడాలని ఉంది. చేతులు కడుక్కునే వస్తాను.

నవంబరు రెండు, సోమవారం, ఏడూ నలభై బస్సు నాదే. మీ సీటు ఖాళీగా ఉంచలేను, ఎవరు ముందెక్కితే వాళ్ళదే. నిలబడాల్సి వస్తే నిలబడండి. టికెట్ మాత్రం పెదాల మధ్య పెట్టుకోకండి. నా వైపు నుంచి భయం లేదు గానీ, అందులో మీ ఎంగిలి ఉంటుంది. అల్వాల్ దగ్గర చెకింగ్ వాళ్ళు ఎక్కితే, దాన్ని ఇంకొకరు చేత్తో పట్టుకోవాలి కదా.

ఇట్లు,
మీ చెల్లెలు
దుర్గ